హెక్టర్, హాగ్‌ఫిష్, ఒక ఎర్ర జాబితా



1758లో స్వీడన్ దేశంలో ఒక లాటిన్ పుస్తకం పదో కూర్పు వెలువడింది. పుస్తకం పేరు సిస్టెమా నాచురే. రాసినవాడు కార్ల్ లిన్నేయస్. జంతువులకు ఈనాడు శాస్త్రవేత్తలు వాడే జంటపేర్ల లెక్క ఆ కూర్పుతోనే మొదలు. అంతకు ముందు ఎవరు ఏ పేరు పెట్టినా చెల్లదు.

లిన్నేయస్ మన వైపు ఎప్పుడూ రాలేదు. అయినా హోసూరు, కృష్ణగిరి చుట్టూ ఎగిరేవి ఆ పుస్తకంలో చాలానే ఉన్నాయి. నిమ్మచెట్టు ఆకు తిని పెరిగే పసుపు, నలుపు మచ్చల సీతాకోకచిలుక ఉంది. జిల్లేడు మీద పెరిగే నారింజరంగుది ఉంది. మన రైతులు మల్బరీ ఆకు కోసి మేపే పట్టుపురుగు ఉంది. నల్లటి రెక్కలు, వెనక రెక్కల మీద ఎర్రటి చుక్కలు, ఎర్రటి ఒళ్లు ఉన్న మరొకటుంది. ఇంగ్లీషులో క్రిమ్సన్ రోజ్ అంటారు. దీనికి ఆయన హెక్టర్ అని పేరు పెట్టాడు. ట్రాయ్ యుద్ధంలో చనిపోయిన వీరుడి పేరు. ఆయన కొన్ని సీతాకోకచిలుకలను గ్రీకు పక్షం, ట్రాయ్ పక్షం అని కూడా విడదీశాడు. నల్లటి రెక్కలు, ఎదమీద నెత్తుటి రంగు ఉన్నవాటిని ఓడిపోయిన ట్రాయ్ వైపు చేర్చాడు. 

అదే పుస్తకంలో మరికొన్ని పుటల అవతల, పురుగుల విభాగంలో, మిక్సీనె గ్లుటినోసా అనే జీవి ఉంది. ఇంగ్లీషులో హాగ్‌ఫిష్. ఇతర చేపల లోపలికి దూరి తింటుందని, నీళ్లను బంకగా మార్చేస్తుందని లిన్నేయస్ దాని గురించి రాశాడు. ఆ రెండు సంగతులూ నిజమే. దాన్ని పురుగుల్లో వేయడమే తప్పు. ఈ రోజు నా ప్రసంగం ఈ రెంటి గురించే, హెక్టర్ గురించీ హాగ్‌ఫిష్ గురించీ. ఇవి జీవకోటిలో ఎక్కడెక్కడ నిలబడ్డాయి, వీటిలో దేనికి ముప్పుంది అన్నది చూద్దాం. ఎంతో దూరంగా ఉన్న ఈ రెంటినీ ఒకచోట చేర్చడానికి నాకో కారణముంది. ఒక జీవికి ముప్పుందా లేదా అన్నది మనం ఒక పేరుకు తగిలించే చీటీ. పేరు ఎక్కడ గీత గీస్తే చీటీ అంతవరకే పనిచేస్తుంది.

ముందు హాగ్‌ఫిష్ సంగతి. ఇది సముద్రపు అడుగున, చలిగా, చీకటిగా ఉండే చోట బతికే పొడవాటి మెత్తటి జీవి. మన దక్షిణ పినాకిని కెలవరపల్లి, కృష్ణగిరి ఆనకట్టలు దాటి కడలూరు దగ్గర సముద్రంలో కలిసేవరకూ ఎక్కడా ఇది కనిపించదు. మంచినీటిలో బతకలేదు. దాని రక్తంలో ఉప్పు దాదాపు సముద్రపు నీటితో సమానం. వెన్నెముక ఉన్న జంతువుల్లో అలాంటిది ఇదొక్కటే. దవడలు లేవు. నాలుక మీద కొమ్ములాంటి పళ్లు రెండు వరసల్లో ఉంటాయి, వాటితో మాంసం గీకి తింటుంది. కళ్లు చర్మం కింద దాగి ఉంటాయి. అసలు గుండె కాక రక్తాన్ని తోసే సహాయక గుండెలు మరికొన్ని ఉన్నాయి. తిమింగలం చచ్చి అడుగుకు చేరితే మొదట చేరుకునే వాటిలో ఇదొకటి. ఆ కళేబరంలోకి దూరాక నోటితోనే కాదు, చర్మంతోనూ మొప్పలతోనూ కూడా కరిగిన పోషకాలను పీల్చుకోగలదు.

ఇక దాని బంక. కెలవరపల్లి ఆనకట్ట గేట్లు ఎత్తినప్పుడు కింద గుట్టలుగా లేచే నురగ మీలో చాలామంది చూసే ఉంటారు. చూడ్డానికి హాగ్‌ఫిష్ బంక కూడా అలాగే ఒక్కసారిగా పొంగి వస్తుంది. కాని నురగలో ఉండేది గాలి. బంకలో ఉండేది దారం. హాగ్‌ఫిష్ ఒంటి రెండు పక్కలా వరుసగా గ్రంథులున్నాయి. వాటిలో ఒక్కొక్క కణంలో సన్నటి పోగు ఉండగా చుట్టి ఉంటుంది. విప్పితే పది, పదిహేను సెంటీమీటర్లు. మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ. ఎవరైనా కొరికితే, రెప్పపాటులో ఆ ఉండలు నీళ్లలో విప్పుకుని, జిగురుతో కలిసి, చుట్టూ ఉన్న సముద్రపు నీటిని పట్టి నిలబెడతాయి. న్యూజిలాండ్ దగ్గర లోతు సముద్రంలో పెట్టిన కెమెరాలు సొరచేపలు హాగ్‌ఫిష్‌ను నోట కరిచి, మొప్పల్లో బంక నిండిపోయి, కక్కుకుంటూ పారిపోవడం చిత్రీకరించాయి. మరి సొంత బంకలో తానే ఊపిరాడక చావదా అంటారేమో. తోకతో ఒక ముడి వేసుకుని, ఆ ముడిని తలవైపు జరుపుకుంటూ ఒంటిమీది బంకంతా తుడిచేసుకుంటుంది. 2017 జూలైలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, కొరియాకు ఎగుమతి అయ్యే హాగ్‌ఫిష్‌తో పోతున్న లారీ ఒకటి రోడ్డు మీద బోల్తా పడింది. దాదాపు మూడు వేల నాలుగు వందల కిలోల హాగ్‌ఫిష్. కార్లు బంకలో కూరుకుపోయాయి. రోడ్డు శుభ్రం చేయడానికి బుల్డోజరు తెప్పించాల్సి వచ్చింది.

పట్టు ఊళ్లలో పుట్టినవాళ్లకు ఈ దారం మాట వింటే చెవి నిక్కుతుంది. లేతపురుగు దశ చాకీ దాటి, చర్మం విడిచే నాలుగు జ్వరాలు గడిచి, గూడు కట్టే చంద్రిక ఎక్కిన పట్టుపురుగు తలను అటూ ఇటూ ఆడిస్తూ పోసే దారం ప్రోటీనే. హాగ్‌ఫిష్ పోగూ ప్రోటీనే. అయితే రెండూ వేరువేరు ప్రోటీన్లు. హాగ్‌ఫిష్‌ది మన వెంట్రుకలు, గోళ్లలో ఉండే కెరాటిన్‌కు చుట్టం. పట్టుపురుగుది దాని సొంత వంశపు ఆస్తి. హాగ్‌ఫిష్ పోగును ప్రయోగశాలలో తయారు చేసి వస్త్రానికో, రక్షణ కవచానికో వాడొచ్చా అని అమెరికా నౌకాదళం వాళ్లు కూడా ప్రయత్నించారు. పట్టు తీసే రీలింగు బాసిన ముందు నుంచి మనవాళ్లు లేవాల్సిన అవసరం ఇప్పట్లో రాదనే నా నమ్మకం.

పట్టుపురుగూ హెక్టరూ ఒకే క్రమానికి చెందినవి. లెపిడాప్టెరా, అంటే పొలుసు రెక్కలవి. దీనిలో లక్షా అరవై వేల దాకా జాతులకు పేర్లు పెట్టారు. వాటిలో అత్యధిక భాగం రాత్రి ఎగిరే చిమ్మటలు. పద్దెనిమిది వేల పైచిలుకు మాత్రమే మనం సీతాకోకచిలుకలనేవి. 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, ప్రపంచం నలుమూలల నుంచి సేకరించిన సీతాకోకచిలుకల జన్యువులను పోల్చి, రాత్రి తిరిగే చిమ్మటల నుంచి సుమారు పది కోట్ల సంవత్సరాల కిందట అమెరికా ఖండాలలో ఇవి పుట్టాయని తేల్చింది. అంటే వంశవృక్షం మీద చూస్తే సీతాకోకచిలుక ఒక పగటి చిమ్మట. చాలామందికి ఇది రుచించదు. చిమ్మట అంటే చీర కొరికేదని మనకో చిన్నచూపు.

ఆ పది కోట్ల ఏళ్ల నాటికి హాగ్‌ఫిష్ ఏం చేస్తోంది? లెబనాన్ రాళ్లలో దొరికిన ఒక శిలాజాన్ని 2019లో వివరించారు. సుమారు పది కోట్ల ఏళ్లది. పేరు టెథీమిక్సీనె. బంక గ్రంథుల జాడ దానిలో అప్పటికే ఉంది. ఇంకా వెనక్కు వెళ్తే అమెరికాలోని ఇల్లినాయ్‌లో ముప్పై కోట్ల ఏళ్ల నాటి శిలాజం ఉంది. సీతాకోకచిలుకలు కొత్తగా కళ్లు తెరుస్తున్న కాలానికి హాగ్‌ఫిష్ పాత కాపురం.

మరి ఈ రెండు వంశాలు ఎక్కడ విడిపోయాయి? యాభై అయిదు కోట్ల ఏళ్లకు పైగా వెనక్కు, ఎముకలూ పెంకులూ ఇంకా లేని సముద్రపు జీవుల కాలానికి పోవాలి. పాఠ్యపుస్తకాలు చెప్పే గుర్తు ఒకటుంది. పిండం ఇంకా చిన్న బంతిలా ఉన్నప్పుడు దానిలో మొదట పడే రంధ్రం, సీతాకోకచిలుక వైపు వంశాల్లో సాధారణంగా నోరవుతుంది. హాగ్‌ఫిష్ వైపు, అంటే మన వైపు వంశాల్లో, మలద్వారమవుతుంది. ఇంకో తేడా నాకు మరింత ఇష్టం. సీతాకోకచిలుక గుండె వీపు పొడవునా పరిచిన గొట్టం. నరాల తాడు పొట్ట వైపుంటుంది. హాగ్‌ఫిష్‌కు, మనకు, తలకిందులు. నరాల తాడు వీపున, గుండె పొట్టవైపున. 1822లో జెఫ్రా సెంటిలేర్ అనే ఫ్రెంచి ప్రొఫెసరు, కీటకం వెల్లకిలా తిరిగితే వెన్నెముక జీవే అన్నాడు. తోటివాళ్లు నవ్వారు. 1990లలో జన్యువులు చూస్తే, కీటకంలో పొట్టవైపును నిర్ణయించే జన్యువే వెన్నెముక జీవుల్లో వీపువైపును నిర్ణయిస్తోందని తేలింది. ఆయన చెప్పిన వివరాలన్నీ సరిగ్గా లేకపోయినా, మూలభావం నూట డెబ్బై ఏళ్ల తర్వాత నెగ్గింది.

కాబట్టి వర్గీకరణ సంక్షిప్తంగా ఇది. హెక్టర్ సంధిపాదుల్లో, కీటకాల్లో, పొలుసు రెక్కల క్రమంలో, పాపిలియోనిడే కుటుంబంలో ఉంది. ఇప్పుడు దాని పూర్తి పేరు పాక్లియోప్టా హెక్టర్. హాగ్‌ఫిష్ మనతోపాటు కార్డేటాల్లో, మిక్సినీ తరగతిలో, మిక్సినిడే కుటుంబంలో ఉంది. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టింది. హాగ్‌ఫిష్‌ను అక్కడికి చేర్చడానికి మాత్రం రెండున్నర శతాబ్దాలు పట్టింది.

పురుగుల విభాగంలోంచి దాన్ని బయటికి లాగి చేప అని గుర్తించినవాడు బెర్లిన్ వైద్యుడు మార్కస్ బ్లాక్. అది పద్దెనిమిదో శతాబ్దం చివరి మాట. 1806లో డ్యుమెరిల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త హాగ్‌ఫిష్‌నూ, దానిలాగే దవడలు లేని లాంప్రేనూ కలిపి గుండ్రటి నోటి జీవులన్నాడు. అక్కడితో తేలిపోయిందనుకున్నారు. 1977లో లోవ్‌త్రుప్ అనే శాస్త్రవేత్త మళ్లీ కదిపాడు. లాంప్రేలో వెన్నుపూసల మొలకలున్నాయి, హాగ్‌ఫిష్‌లో లేవు. కాబట్టి లాంప్రే మనకే దగ్గర, హాగ్‌ఫిష్ అసలు వెన్నెముక జీవే కాదు, కపాలం మాత్రమే ఉన్నది అని. ముప్పై ఏళ్లపాటు చాలా పాఠ్యపుస్తకాలు అలాగే రాశాయి. చిక్కు ఎక్కడంటే, హాగ్‌ఫిష్ పిండాలు దొరకవు. అది లోతు నీటిలో ఎక్కడ గుడ్లు పెడుతుందో ఎవరికీ అంతుపట్టేది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో డెన్మార్కు శాస్త్ర అకాడమీ దాని సంతానోత్పత్తి కనిపెట్టినవారికి బహుమతి ప్రకటిస్తే, ఎవరూ వచ్చి తీసుకోలేదు. చివరికి జపాన్‌లో కురతాని అనే శాస్త్రవేత్త బృందం దాని గుడ్లు సంపాదించి, పిండాల మీద 2007లో ఒక పరిశోధన వెలువరించింది. 2011లో అదే బృందం హాగ్‌ఫిష్ తోక దగ్గర వెన్నుపూసల ఆనవాళ్లు చూపించింది. ఈలోగా 2010లో సూక్ష్మ ఆర్ఎన్ఏల పరిశోధన హాగ్‌ఫిష్, లాంప్రే ఒకే కొమ్మ అని చెప్పింది. 2024లో హాగ్‌ఫిష్ మొత్తం జన్యుపటం వచ్చి దాన్నే బలపరిచింది. 1806 నాటి డ్యుమెరిల్ గెలిచాడు. పూర్వీకులకున్న వెన్నెముకను హాగ్‌ఫిష్ పోగొట్టుకుంది, అంతే.

సీతాకోకచిలుకల వర్గీకరణలో తప్పులు లేవనుకోవద్దు. కరివేపాకు చెట్టు మీద పెరిగే ఒక నల్లటి సీతాకోకచిలుక మన ప్రతి పెరట్లోనూ ఉంటుంది. ఇంగ్లీషులో కామన్ మార్మన్. 1758 పుస్తకంలో లిన్నేయస్ దానికి రెండు పేర్లు పెట్టాడు. మగదానికి పామన్, ఆడదానిలో ఒక రూపానికి పోలిటెస్. రెండూ వేరువేరు జాతులనుకున్నాడు. కారణం, దీని ఆడవాటిలో మూడు రూపాలున్నాయి. ఒకటి మగదానిలాగే ఉంటుంది. ఒకటి కామన్ రోజ్ అనే మరో జాతిని అచ్చం అనుకరిస్తుంది. మూడోది మన హెక్టర్ వేషం వేస్తుంది. హెక్టర్ గొంగళిపురుగు ఈశ్వరి తీగ, గాడిదగడపాకు లాంటి విషపు మొక్కలు తిని పెరుగుతుంది. ఆ విషం పెద్దయ్యాక ఒంట్లో ఉంటుంది. ఒకసారి తిన్న పిట్ట మళ్లీ ముట్టదు. కరివేపాకు తిన్నదానికి అలాంటి రక్షణ లేదు, కాబట్టి వేషం. రెండూ ఒకేచోట ఎగురుతుంటే పోల్చుకోవడం సులువే. ఒళ్లు ఎర్రగా ఉంటే హెక్టర్, నల్లగా ఉంటే వేషధారి. ఈ రూపాలన్నీ ఒకే జాతి ఆడవని ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1865లో వివరించాడు. ఏ జన్యువు ఈ వేషాన్ని నడుపుతుందో 2014లో కృష్ణమేఘ్ కుంటే అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు చూపించారు. మగ, ఆడ తేడాను నిర్ణయించే డబుల్‌సెక్స్ అనే జన్యువే ఆ పని చేస్తోంది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి పట్టనివ్వండి. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడిలోని డెన్మార్కు స్థావరానికి వైద్యుడిగా వచ్చాడు. ఆయన ఏరి పంపిన కీటకాలు మరో శిష్యుడు ఫాబ్రీసియస్ చేతికి చేరి, మన కీటకాల్లో అనేకం అలా పేరు పొందాయి. కోనిగ్ దక్షిణదేశమంతా తిరిగి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో రక్తవిరేచనాలతో చనిపోయాడు. చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్నది సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్. మన నేల మీది జీవులకు యూరప్‌లో పేర్లు పడిన వెనక ఇలాంటి చావులు కొన్ని ఉన్నాయి.

ఇక ముప్పు సంగతి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, ఐయూసీఎన్, 1964 నుంచి ఎర్ర జాబితా నడుపుతోంది. ఒక్కో జాతిని పరిశీలించి, ముప్పు లేనిది, ముప్పు అంచున ఉన్నది, దుర్బలమైనది, ఆపదలో ఉన్నది, అత్యంత ఆపదలో ఉన్నది అని తరగతులు వేస్తుంది. సమాచారం చాలనిది అని ఇంకో గడి ఉంది. అసలు పరిశీలించనివి మరో పక్క.

సీతాకోకచిలుకను అందరూ ప్రేమిస్తారు, హాగ్‌ఫిష్‌ను చూసి ముఖం తిప్పుకుంటారు. కాబట్టి లెక్క సీతాకోకచిలుకలదే పూర్తయి ఉంటుందని అనుకుంటాం. జరిగింది దానికి విరుద్ధం. 2011లో అప్పటికి తెలిసిన హాగ్‌ఫిష్ జాతులు డెబ్బై ఆరింటినీ ఒక్కటి వదలకుండా తూచారు. 35 జాతులకు ముప్పు లేదు. రెండు ముప్పు అంచున ఉన్నాయి. తొమ్మిది ముప్పులో ఉన్నాయి. వాటిలో దక్షిణాఫ్రికా తీరపు జాతి ఒకటి అత్యంత ఆపదలో ఉంది. మిగిలిన 30 జాతుల గురించి సమాచారం చాలదు. సీతాకోకచిలుకల పద్దెనిమిది వేల జాతుల్లో ఎర్ర జాబితా తూకానికి వచ్చినవి ఇప్పటికీ తక్కువ భాగమే. ప్రేమకూ లెక్కకూ పొత్తు లేదు.

హాగ్‌ఫిష్‌కు ముప్పు తెచ్చింది ముఖ్యంగా వ్యాపారం. కొరియాలో దాన్ని కాల్చి తింటారు. దాని తోలుతో చేసిన పర్సులు ఈల్ తోలు అనే పేరుతో ప్రపంచమంతా అమ్ముడుపోయాయి. ఆసియా తీరాల్లో పట్టుబడి తగ్గాక కొనుగోళ్లు అమెరికా తీరాలకు మళ్లాయి. ఒరెగాన్ లారీ కథ వెనక ఉన్నది ఇదే. ఇది కొద్ది గుడ్లే పెడుతుంది, అవి పెద్దవి. ఒకచోట తగ్గిపోతే త్వరగా పుంజుకోదు. మన వన్యప్రాణి చట్టం షెడ్యూళ్లలో హాగ్‌ఫిష్ పేరు లేదు.

హెక్టర్ కథ ఇంకో దారి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పాత మొదటి షెడ్యూలులో, పులి, ఏనుగు ఉన్న షెడ్యూలులోనే, హెక్టర్ పేరు చాలా కాలం ఉంది. దాన్ని పట్టినా అమ్మినా పెద్ద నేరం. ప్రపంచ లెక్కలో మాత్రం అది ముప్పున్న జాతి కాదు. దక్షిణ భారతంలో, శ్రీలంకలో బాగానే ఉంది. అదే షెడ్యూలులో డానైడ్ ఎగ్‌ఫ్లై అనే ఇంకో సీతాకోకచిలుక ఉండేది. దాని గొంగళిపురుగు తినేది మనం పప్పులో వేసుకునే గంగవావిలి కూర. చేలగట్ల మీద, ఖాళీ స్థలాల్లో ఆ కూర మొలిచే చోటల్లా బతకగలదు. అలాంటివి పులి పక్కన కూర్చున్నాయి. తమిళనాడు, కర్ణాటక కొండల్లో ఒకే ఒక్క రకం చెట్టును నమ్ముకుని బతికే చిన్న నీలి సీతాకోకచిలుకలను పట్టించుకునే నాథుడు తక్కువ. 2022 సవరణ చట్టంతో షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగయ్యాయి, 2023 ఏప్రిల్ నుంచి కొత్తవి అమల్లోకొచ్చాయి. పట్టిక మార్చడం మంచిదే. పేరు చేర్చేముందు కొండ ఎక్కి చూసిన లెక్క ఉండాలన్నదే నా పేచీ.

చీటీ అసలే తగలని జీవి కూడా ఒకటి మన మధ్య ఉంది. హోసూరులో కేంద్ర పట్టు బోర్డు వారి జన్యువనరుల కేంద్రం ఉంది. పట్టుపురుగు రకాలనూ మల్బరీ రకాలనూ తరం తర్వాత తరం చెడకుండా కాపాడుతుంది. పట్టుపురుగు వేల ఏళ్లుగా మనిషి చేతిలోనే బతుకుతోంది. రెక్కలొచ్చినా ఎగరలేదు. మనిషి ఆకు వేయకపోతే ఆ జాతే ఉండదు. అయినా పెంపుడు జీవులను ఎర్ర జాబితా తూచదు కాబట్టి దానికి ఏ తరగతీ లేదు. దేశీ రకం ఒకటి పోతే ఆ నష్టం బోర్డు దస్త్రంలో తప్ప ఇంకెక్కడా కనిపించదు.

పేరు గీసిన గీత ఎంత పని చేస్తుందో అమెరికా మోనార్క్ సీతాకోకచిలుక చూపిస్తుంది. మన జిల్లేడు మీద పెరిగే నారింజరంగుదీ ఇదీ ఒకే ప్రజాతి. మోనార్క్ జాతి మొత్తంగా చూస్తే ప్రపంచంలో చాలాచోట్ల ఉంది, పోయే ప్రమాదం లేదు. కాని కెనడా నుంచి మెక్సికో కొండల దాకా వేల కిలోమీటర్లు వలస పోయే ఉపజాతికి వేరే పేరుంది. ఆ పేరు మీద 2022 జూలైలో ఎర్ర జాబితా ఆపదలో ఉన్నది అని చీటీ తగిలించింది. మరుసటి ఏడాది లెక్క సరిచూసి దుర్బలం అని మార్చింది. ప్రపంచమంతా వార్త అయింది. వలసకు ఒక పేరు ఉంది కాబట్టి దాన్ని కాపాడాలని అడగడానికి వీలైంది.

మనకూ ఒక వలస ఉంది. దానికి పేరు లేదు. నైరుతి రుతుపవనాలు మొదలుకాకముందు, ఏప్రిల్ నుంచి జూన్ మధ్యన, పశ్చిమ కనుమల నుంచి లక్షల సీతాకోకచిలుకలు తూర్పు వైపు మైదానాలకూ తూర్పు కనుమలకూ వస్తాయి. కుంభవృష్టి నుంచి తప్పించుకోవడానికన్నది ఒక వివరణ. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య గాలులతో తిరిగి వెళ్తాయి. ఈ మందల్లో ఎక్కువగా ఉండేవి నాలుగు జాతులు. నల్లటి రెక్కల మీద నీలి చారలున్నవి రెండు, గోధుమరంగు క్రో అనేవి రెండు. కృష్ణమేఘ్ కుంటే 2005లో వీటి మందల్లో ఏ జాతి ఎంత, మగ ఎంత, ఆడ ఎంత అని లెక్క ప్రచురించాడు. నీలి చారలవాటి ప్రజాతికి 1880లో ఫ్రెడరిక్ మూర్ అనే ఇంగ్లీషువాడు పెట్టిన పేరు తిరుమల. అవునండీ, శాస్త్రగ్రంథాల్లో అచ్చంగా తిరుమల అనే ఉంటుంది.

మేలగిరి, జవాదు, సేలం వైపు కొండలు ఈ దారిలోవే. ఈ వైపు అడవులను కలుపుకుని 2014లో కావేరి ఉత్తర అభయారణ్యం ఏర్పడింది. 2022లో కావేరి దక్షిణ అభయారణ్యం ప్రకటించారు. రెండూ ప్రధానంగా ఏనుగుల కోసం జరిగినవే అయినా సీతాకోకచిలుకలకూ నీడ దొరికింది. 2019లో తమిళనాడు ప్రభుత్వం తమిళ మరవన్ అనే సీతాకోకచిలుకను రాష్ట్రపు గుర్తుగా ప్రకటించింది. బాగుంది. అయితే వలస వచ్చేవి అభయారణ్యంలోనే దిగవు. దారిలో వాగుల పక్కన, తోపుల్లో, ఎండిన తేలుమణి కొమ్మల మీద, గిలిగిచ్చ పొదల మీద గుత్తులుగా వాలతాయి. మగవి ఆ కొమ్మల నుంచి ఒక రకమైన రసాయనం పీల్చుకుంటాయి. అది లేకపోతే ఆడవాటిని ఆకర్షించలేవు. హోసూరు, శూలగిరి, బరగూరు మధ్య లేఅవుట్లు పడి, పొలంగట్లు చదునై, గిలిగిచ్చ పీకేస్తే, ఆ నాలుగు జాతుల్లో ఒక్కటీ అంతరించదు. దేశంలో వేరే చోట్ల ఉంటాయి. ఎర్ర జాబితాలోనూ ఏ మార్పూ కనిపించదు. వలస మాత్రం ఆగిపోవచ్చు. ఆగిందని తెలియడానికి ఇప్పుడు ఎంత ఉందో లెక్క ఉండాలి. కృష్ణగిరి జిల్లా వైపు అలాంటి లెక్కకు జనం కావాలి.

అందుకు పెద్ద చదువు అక్కర్లేదు. అక్టోబరులో ఈశాన్య గాలి తిరిగాక, మబ్బులు విడిచిన పొద్దున తొమ్మిది, పదకొండు గంటల మధ్య బయట నిలబడండి. నీలి చారలవో గోధుమరంగువో ఒకే దిక్కుగా, పూల మీద ఆగకుండా పోతుంటే అది వలసే. రెండు కొబ్బరిచెట్ల నడుమ ఐదు నిమిషాల్లో ఎన్ని దాటాయో లెక్కపెట్టండి. తేదీ, వేళ, ఊరు, గాలి దిక్కు, అవి పోయే దిక్కు రాసుకోండి. ఒక్కటీ దాటని రోజునూ సున్నా అని రాయండి. ఆ సున్నాలు కూడా కావాలి. బడిపిల్లలతో చేయిస్తే మరీ మంచిది, వాళ్లు లెక్క తప్పరు.